యానాకాసా కనుమ మీద దుంపల మూట

ఆ రోజు కోసం బసీలియా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఉదయం ఆరు గంటల బస్సు ఎక్కాలి. యానాకాసా కనుమ దాటి పదిన్నరకల్లా మరన్‌పాతా సంతకు చేరాలి. చర్చి ముందున్న గడ్డి మీద కంబళి పరిచి, ఈ ఏడు తన చేలో పండిన అరవై నాలుగు రకాల బంగాళాదుంపలను వరసగా పేర్చాలి. పన్నెండింటికి న్యాయనిర్ణేతలు వచ్చి లెక్కపెట్టుకుంటారు. ఒంటిగంటకల్లా మొదటి బహుమతిగా ఇచ్చే ఉన్ని జంతువు, తెల్లటి మగ అల్పాకాను తాడు పట్టుకుని ఇంటిదారి పట్టాలి.

నాలుగేళ్లుగా ఆ బహుమతి కనుమకు అవతలనున్న తికాయుక్ ఊరికి, దమియానా అనే ఆవిడకు పోతోంది. దమియానా దుంపలు మంచివి కావని బసీలియా ఎన్నడూ అనలేదు. ఆవిడ న్యాయంగా గెలిచిందని కూడా అనలేదు. కిందటేడు ఇంటి దగ్గర అరవై రకాలు లెక్కపెట్టుకుని బయల్దేరితే, సంతలో యాభై ఎనిమిదే తేలాయి. పక్క కంబళి దమియానాది. ఆవిడ ఒకదానిమీద ఒకటి ఐదు పావడాలు కట్టుకుని వచ్చింది. ఐదు పావడాల కింద రెండు దుంపలు మాయం కావడానికి ఎంతసేపు పడుతుందని బసీలియా ఏడాది పొడుగునా అడిగింది. అడిగింది ఎక్కువగా మొగుడినే.

మొగుడు మెలితోన్ నెమ్మదైన మనిషి. ముప్ఫై రెండేళ్ల కాపురంలో భార్య మాటకు ఎదురు చెప్పకుండా ఉండడం, వీలు దొరికితే కునుకు తీయడం అనే రెండు విద్యల్లో ఆరితేరాడు. ఈసారి మూట మూతిని ఆవిడ ఎర్ర ఉన్నితో కుట్టి, తనకు తప్ప ఎవరికీ రాని ముడి వేస్తుంటే మాత్రం చూడలేక నోరు విప్పాడు.

"అంత గట్టిగా వేస్తున్నావు. సంతలో నువ్వే విప్పలేవేమో."

"నేను విప్పలేకపోయినా పర్లేదు. ఆవిడ విప్పకుండా ఉంటే చాలు."

బస్సు నుదుటి మీద పసుపు రంగు అక్షరాలతో 'నన్ను చూసి ఏడవకు' అని రాసి ఉంది. దాన్ని నడిపే రుఫీనో మూటను పైకెత్తి, బస్సు కప్పు మీద తక్కిన సామాన్లతో కలిపి టార్పాలిన్ కింద కట్టాడు. బసీలియా కిందనుంచి చూస్తూనే ఉంది. రుఫీనో మంచివాడేనని తమ ఊరు చిల్కాపంపాలో అందరూ అంటారు. కానీ పుట్టినప్పుడు చర్చిలో వాణ్ణి ఒళ్లో పట్టుకుని నీళ్లు చల్లించి, రెండో తల్లిగా నిలబడినది దమియానా. ఆ సంగతి ఊరంతా మరిచిపోయినా బసీలియా మరిచిపోలేదు.

లోపల మెలితోన్ వెనక సీట్లో కూర్చుని అప్పుడే కళ్లు మూశాడు. బసీలియా కిటికీ పక్కన కూర్చుని తోటి ప్రయాణికులను ఒక్కొక్కరినే పరికించింది. ముందు సీట్లో రాజధాని లీమా నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. పేరు హిమేనాట. మంచుకొండల చుట్టూ నాలుగు రోజులు నడవడానికి వచ్చిందట. పక్కన రెండు చేతికర్రలు పెట్టుకుంది.

"ఒక్క మనిషికి రెండు కర్రలెందుకమ్మా?" అని అడిగింది బసీలియా.

"కొండ దిగేటప్పుడు మోకాళ్లకి బలంగా ఉంటాయి పిన్నీ."

బసీలియా పుట్టి పెరిగింది కొండ మీదే. మోకాళ్లకు కర్రలు కావాలన్న మాట ఆవిడ అదే మొదటిసారి వినడం. ఆ అమ్మాయిని అనుమానితుల్లో వేసుకుంది. తన పక్క సీట్లో ముసలాయన కసిమీరో కూర్చున్నాడు. ఒళ్లో ఓ బట్టమూట. సోరా లోయవాణ్ణని చెప్పాడు.

"ఎక్కడికి తాతా?"

"సంతకే తల్లీ."

"ఏమైనా కొనాలా?"

"చూద్దాం తల్లీ, ఎట్లా కుదిరితే అట్లా."

నవ్వితే నోట్లో ఒక్క పన్ను కూడా లేదు. పళ్లు లేని మనిషి ఎవరికేం కీడు చేస్తాడని బసీలియా ఆయన్ని వదిలేసింది. దారి పొడుగునా తన అనుమానాలన్నీ ఆయనకే చెప్పుకుంది. ఆయన ప్రతిదానికీ "అంతే తల్లీ, అంతే" అన్నాడు. ఇంత వివేకం గల మనిషి ఈ మధ్య తారసపడలేదనుకుంది ఆవిడ.

కనుమ మొదట్లో బస్సు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. రుఫీనో దిగి, ఇంజను మూత తెరిచి, మూసి వచ్చాడు.

"అమ్మలూ, అయ్యలూ, అందరూ దిగాలి. ఇంతమందితో పైకి లాగదిది. మీరు కాలిబాటన నేరుగా ఎక్కేయండి, గంటన్నర. నేను ఖాళీ బండితో మలుపులు తిరిగొస్తా. అవతల కొమెర్‌కోచా చెరువు గట్టున కలుద్దాం."

ఇలా దిగడం ఆ దారిలో కొత్త కాదు. జనం సణుక్కుంటూనే దిగారు. బసీలియా మాత్రం కదల్లేదు.

"నా మూట దింపు."

"నలభై కిలోలు, బసీలియమ్మా. మోసుకుంటూ కనుమ ఎక్కుతావా?"

"అయితే నేను బస్సులోనే ఉంటా."

"నువ్వుంటే అందరూ ఉంటామంటారు."

అందులో న్యాయం ఉండడం చూసి ఆవిడకు ఇంకా చిరాకేసింది. దిగింది. దిగిందే గాని చెవులు మాత్రం రుఫీనో వెంటే వెళ్లాయి. ఆ చుట్టుపక్కల ఫోను పలికేది ఒకే ఒక్క బండరాయి మీద. రుఫీనో ఆ బండ ఎక్కి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. గాలి ఇటే వీస్తోంది.

"ఆ, దమియానమ్మా... ఎక్కిందెక్కింది... మూట కూడా తెచ్చింది... అలాగే, మీ ఊళ్లో ఆపుతా. మూట సంగతి నాకొదిలేయ్."

 తను అనుకున్నదే నిజమైనందుకు బసీలియాకు భయంతోపాటు కొంత తృప్తి కూడా కలిగింది. వెంటనే మొగుణ్ణి చొక్కా పట్టుకుని బస్సు వెనక్కి లాక్కెళ్లింది.

"నిచ్చెన ఎక్కు. టార్పాలిన్ కింద దూరి మూట పక్కన పడుకో. వాడు బండ దిగేలోపు."

"నేనా?"

"ఎవరైనా నిచ్చెన ఎక్కితే రానివ్వకు. ఏం జరిగినా నోరు విప్పకు. విప్పావంటే నువ్వెవరో తెలిసిపోద్ది."

పడుకో అన్న మాట ఒక్కటే మెలితోన్‌కు నచ్చింది. చలికని కళ్లు మాత్రమే కనిపించే ఉన్నిముసుగు తలకు లాక్కుని పైకెక్కాడు. 'నీ ఆయనేడి' అని అడిగినవాళ్లకు బసీలియా సిద్ధంగా జవాబు పెట్టుకుంది. "కడుపులో బాగోలేదు. ఆ రాళ్ల వెనక్కి వెళ్లాడు. మెల్లగా వస్తాడు."

బస్సులో ఇరవై ముగ్గురు. ఇరవై ఇద్దరు నడక మొదలుపెట్టారు.

ఆ ఎత్తులో మాట్లాడుతూ నడిస్తే ఊపిరి అందదు, అందుకని అందరూ మౌనంగా ఎక్కారు. బసీలియా మాత్రం మాట్లాడుతూనే ఎక్కింది. లీమా అమ్మాయికి సగం దారిలో తల తిరిగి కూలబడితే, ఆవిడే కొండ ఎత్తుల్లో తల తిరుగుడు తగ్గించే కోకా ఆకులు గుప్పెడు నోట్లో పెట్టి నమలమంది. ఆ మీదట ఆ పిల్లని అనుమానితుల్లోంచి తాత్కాలికంగా తీసేసింది. కసిమీరో తాత ఆయాసపడుతుంటే ఆయన మూట అడిగి తీసుకుని తన వీపున కట్టుకుంది.

"రాళ్లేమైనా పెట్టావా తాతా, ఇంత బరువుంది?"

"తినేవే తల్లీ."

"పళ్లు లేకపోయినా తిండికి లోటు చేసుకోవు."

"అంతే తల్లీ, అంతే."

కనుమ నెత్తిన బాటసారులు పేర్చిన రాళ్లకుప్ప దగ్గర ప్రతివాళ్లూ ఒక రాయి ఉంచి కొండదేవరకు దండం పెట్టుకున్నారు. క్షేమంగా దాటించమని తక్కినవాళ్లు వేడుకున్నారు. బసీలియా రెండు రాళ్లు పెట్టి, రుఫీనో మీద ఒక కన్నేసి ఉంచమని కోరుకుంది.

తొమ్మిదింటికి కొమెర్‌కోచా చేరారు. పచ్చని చెరువు, గట్టున నాలుగు నీటిబాతులు, ఖాళీ రోడ్డు. బస్సు లేదు.

"ఇంకా రాలేదేమో," అన్నారెవరో.

"రావడమా. ఎప్పుడో దాటి వెళ్లిపోయింది," అంది బసీలియా. ఇక ఫోను మాటలు దాచడం అనవసరమనిపించి, విన్నదంతా చెప్పేసింది. కొంచెం విననిది కూడా కలిపింది. తన మూట ఒక్కటే పోతోందంటే జనం కదలరని తెలుసు కనుక, 'మూట' అన్న చోట 'మూటలు' అని చెప్పింది. కప్పు మీద అందరి సామానూ ఉంది. జున్ను గడ్డలు, ఉన్ని కట్టలు, ఎవరిదో పెళ్లికి తీసుకెళుతున్న కుట్టుమిషను. రుఫీనో బస్సు ఎత్తుకుపోయాడన్న విషయంలో ఐదు నిమిషాల్లో చెరువు గట్టున ఎవరికీ సందేహం మిగల్లేదు.

నిజానికి ఆ సమయానికి రుఫీనో రెండో మలుపు దగ్గర, పొగలు కక్కుతున్న రేడియేటరు చల్లారడం కోసం రాయి మీద కూర్చుని వేయించిన బీన్స్ నములుతున్నాడు. కప్పు మీద మెలితోన్ కాపలా కాస్తూ నిద్రపోతున్నాడు.

"పిన్నీ, మరి బాబాయి కూడా రాలేదు," అని హిమేనా గుర్తుచేసింది.

 నిజం చెబితే, కాపలా పెట్టుకుని కూడా మూట పోగొట్టుకుందని నవ్వుతారు. "వస్తాడులే," అంది బసీలియా.

ఆ 'లే'లోని వణుకు అందరికీ వినిపించింది. రాళ్ల వెనక్కి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. అక్కడే బస్సు ఉంది. చూడకూడనిది చూసి ఉంటాడు. "పాపం, మెలితోన్," అని కుట్టుమిషనావిడ కళ్లు తుడుచుకుంది. ఆవిడ ఏడుపు చూసి, అంతా తెలిసిన బసీలియాకు కూడా ఒక క్షణం దిగులేసింది.

హిమేనా ఫోనులోని పటంలో చెరువు దగ్గర్నుంచి తికాయుక్‌కు దిగే అడ్డదారి దొరికింది. రోడ్డు కొండంతా చుట్టి అక్కడికే వస్తుంది. గబగబా దిగితే బస్సును ఊళ్లోనే పట్టుకోవచ్చు. రెండు కర్రల ఉపయోగం బసీలియాకు ఆ దిగుడులో తెలిసింది. ఒకటి అడిగి తీసుకుని ఇక తిరిగి ఇవ్వలేదు.

వాళ్లు వెళ్లిన పావుగంటకు బస్సు చెరువు గట్టుకు చేరింది. మనుషులెవరూ లేరు. రుఫీనో హారను కొట్టాడు. బాతులు లేచాయి. అరగంట చూశాడు. ఇరవై ముగ్గురూ దారి తప్పారని బెంగపడి కాలిబాట వెంట పైకెక్కి కేకలు వేసి వచ్చాడు. చివరికి ఎత్తునుంచి చూద్దామని బస్సు వెనక నిచ్చెన ఎక్కసాగాడు.

హారనుకు మెలకువ వచ్చిన మెలితోన్ టార్పాలిన్ కింద బిగుసుకుని ఉన్నాడు. నిచ్చెన మీద అడుగుల చప్పుడు విన్నాడు. రానివ్వద్దని ఆజ్ఞ. నోరు విప్పొద్దని ఆజ్ఞ. చేతిలో కర్ర లేదు, రాయి లేదు. పళ్లతో కొరికి ఎర్ర ఉన్ని తెంపాడు. తికాయుక్ వైపు మనిషి ఎవడైనా ఆ మూటను ముట్టకుండా కాపాడడానికి, ఆ మూటలోంచే, రకానికొకటిగా కట్టిన చిన్న సంచుల్లో ఒకటి తీసి విసిరాడు.

మొదటిది రుఫీనో టోపీని తీసుకుని చెరువులో పడింది. రుఫీనో తల ఎత్తి చూస్తే, ముఖానికి ముసుగేసుకున్న ఒకడు టార్పాలిన్ కప్పుకుని మోకాళ్ల మీద కూర్చుని చేయి ఎత్తి ఉన్నాడు. "ఎవడ్రా నువ్వు?" అని అడిగితే జవాబు రాలేదు, రెండోది వచ్చింది. ఏడు సంచులు అలా వరసగా నీళ్లలోకి పోయాయి. అన్నీ వేరువేరు రకాలు. ఎనిమిదోది రుఫీనో భుజానికి తగిలి బస్సు మెట్టు మీదే ఆగింది.

రుఫీనోకు విషయం స్పష్టమైంది. దారిదోపిడీ ముఠా. ప్రయాణికులను ఏదో చేశారు, ఒకణ్ణి సామాన్ల కోసం పైన ఉంచారు. తను ఒక్కడు, పైవాడి దగ్గర ఇంకా ఎన్ని దుంపలున్నాయో తెలియదు. దబుక్కున దిగి, బండెక్కి తలుపు వేసుకుని, దొంగ దూకడానికి వీలులేనంత వేగంగా తికాయుక్ వైపు పరిగెత్తించాడు. ఖాళీగా ఉంటే ఆ బస్సు అంత వేగం పోగలదని రుఫీనోకే అప్పటిదాకా తెలియదు.

ఈలోగా తికాయుక్‌లో బసీలియా ఊరి కాపలా సంఘం తలుపు తట్టింది. ఆ కొండల్లో పోలీసులు వచ్చేసరికి పంట చేతికొస్తుంది. దొంగతనాలు, పశువుల తగాదాలు కాపలా సంఘమే తేలుస్తుంది. తలుపు తీసిన మనిషి భుజాన తోలు కొరడా, ఒంటిమీద ఐదు పావడాలు ఉన్నాయి. ఆ ఏడు సంఘం పెద్ద దమియానా.

"నువ్వా," అంది బసీలియా.

"నేనే. రా కూర్చో, బసీలియా. నీ కోసమే చూస్తున్నా."

"చూస్తావు, చూస్తావు. నీ కొడుకులాంటి వాడు బస్సు ఎత్తుకుపోయాడు."

"రుఫీనోనా? బస్సునెందుకు ఎత్తుకుపోతాడు, రోజూ నడిపేది వాడేగా?"

"అందుకే సులువయింది."

వెనకున్న జనం కూడా మొరపెట్టుకోవడంతో దమియానా పుస్తకం తెచ్చి ఫిర్యాదు రాసుకుంది. బస్సు ఒకటి, కుట్టుమిషను ఒకటి, భర్త ఒకడు. చివరిది బసీలియా రాయించలేదు, మిగతావాళ్లు పట్టుబట్టి రాయించారు. దమియానా కొరడా సవరించుకుని, తనవాడైనా సరే తప్పు తప్పేనని, రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్పించింది. ఇంత తేలిగ్గా ఒప్పుకోవడమే బసీలియాకు అన్నిటికన్నా అనుమానంగా అనిపించింది. రాళ్ల దగ్గర తనే నిలబడింది.

ముందుగా వచ్చింది బస్సు కాదు, ఒక జీపు. అందులోంచి సన్నటి మనిషి ఒకాయన దిగాడు.

"అమ్మా, కొంచెం రాళ్లు తీయించండి. పన్నెండుకల్లా మరన్‌పాతాలో ఉండాలి."

"ఏం పని మీద?"

"దుంపల పోటీకి న్యాయనిర్ణేతను."

బసీలియా ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. "ఏటా వచ్చేది లావుపాటాయన."

"ఆయన రిటైరయ్యారు."

"దుంపల గురించి తెలిసినవాళ్లు ఇంత సన్నగా ఉండరు. కూర్చోండి అక్కడ."

న్యాయనిర్ణేత, ఆయన వెంట వచ్చిన ఇద్దరూ రాళ్ల మీద కూర్చున్నారు. పన్నెండు దాటింది. పన్నెండున్నరకు కొండ మలుపులో హారను మోత వినిపించింది. ఆగకుండా మోగుతూ, దుమ్ము రేపుతూ బస్సు వచ్చి రాళ్ల ముందు ఆగింది. కప్పు మీద టార్పాలిన్ చుట్టుకున్న ఆకారం ఒకటి రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఉంది.

రుఫీనో కిందికి దూకి పైకి చూపించాడు. "దొంగ. పైనున్నాడు."

బసీలియా రుఫీనోను చూపించింది. "దొంగ. కిందున్నాడు."

సంఘం మనుషులు ఎవరిని పట్టుకోవాలో తెలియక ఇద్దరినీ పట్టుకున్నారు. పైవాణ్ణి దింపి పేరు అడిగారు. చెప్పలేదు. ఊరు అడిగారు. చెప్పలేదు. దమియానా కొరడా తీసి నేలమీద ఒకసారి కొట్టింది. ముసుగులోని కళ్లు దీనంగా బసీలియా వైపు తిరిగాయి. తక్కిన ఇరవై ఒక్కమంది ప్రయాణికులూ ఆ చూపు వెంటే ఆవిడ వైపు తిరిగారు.

"ఇక మాట్లాడు," అంది బసీలియా, నేల చూస్తూ.

మెలితోన్ ముసుగు తీశాడు. ఆయన మొదట అన్న మాట, "ఆకలేస్తోంది."

చచ్చాడనుకుని అంతసేపు ఏడ్చిన కుట్టుమిషనావిడకు చాలా కోపం వచ్చింది.

తక్కిన విషయం బయటికి రావడానికి పది నిమిషాలు పట్టింది. అందులో తొమ్మిది నిమిషాలు బసీలియా, నిమిషం రుఫీనో మాట్లాడారు. మూట దింపి దమియానా ముంగిట్లోనే లెక్కపెట్టారు. 'పూమా పంజా' అనే రకం ఉంది. 'ఆవు నాలుక' ఉంది. వంకరటింకర కణుపులతో చెక్కు తీసేవాళ్ల ఓపిక పరీక్షించే 'కోడల్ని ఏడిపించేది' ఉంది. మొత్తం యాభై ఏడు రకాలు.

"తక్కినవి?" అంది బసీలియా.

"నువ్వేగా రానివ్వొద్దన్నావు," అన్నాడు మెలితోన్. రుఫీనో మెల్లగా భుజం రుద్దుకున్నాడు.

బసీలియా దమియానా వైపు తిరిగింది. "ఇప్పుడు సంతోషమేనా? నా మూట మీద నీకెందుకు అంత ఆరా? ఫోనులో ఏం మంతనాలు?"

 దమియానా కొరడా గోడకు తగిలించి, "రా," అని ఇంటి వెనక దుంపల కొట్టు తలుపు తీసింది.

బసీలియా లోపలికి వెళ్లి చూసింది. నేల మీద గడ్డి పరిచి ఉంది. గడ్డి మీద గోలీకాయల్లాంటివి, ముడతలు పడ్డవి, రెండు దోసిళ్ల దుంపలున్నాయి. గడ్డి ఎత్తి చూసింది. కిందేమీ లేదు. మూలనున్న బుట్ట తిరగేసి చూసింది. పక్క గది కూడా చూపించమంది. దమియానా అదీ చూపించింది. అందులో కోళ్లున్నాయి.

"ఫిబ్రవరిలో వడగళ్లు పడ్డాయి," అంది దమియానా. "ఒక్క మధ్యాహ్నం. మా అమ్మ ఇచ్చిన విత్తనం, వాళ్లమ్మ ఆవిడకిచ్చింది. అరవై ఆరు రకాలు. పదకొండు మిగిలాయి, అవీ మొలకెత్తుతాయో లేదో. ఈ ఏడు నేను పోటీలో లేను. నీ దగ్గరున్నన్ని రకాలు ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేవు. బస్సు ఆగినప్పుడు నిన్ను అడుగుదామని... మూట తడవనివ్వకురా అని వాడికి చెప్పా. మార్పిడికి మొక్కజొన్న కూడా తీసి ఉంచా."

నిజంగానే గుమ్మం పక్కన మొక్కజొన్న బస్తా కట్టి ఉంది. బసీలియా దాన్ని వేలితో నొక్కి చూసింది. మొక్కజొన్నే.  

"సంత కానీ, చూద్దాం," అని మాత్రం అంది.

న్యాయనిర్ణేతలు కూడా రోడ్డు మీదే చిక్కుకుపోయారు కాబట్టి పోటీ రెండున్నర దాకా మొదలుకాలేదు. ఆ విధంగా చూస్తే పోటీకి ఆలస్యం కాకుండా బసీలియా తనను తానే కాపాడుకుంది. దమియానా లేదు. అప్పటిదాకా లెక్క తేలినవాళ్లలో నలభై రకాలు దాటినవాళ్లు లేరు. సన్నటాయన బసీలియా కంబళి ముందు వంగి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఆవిడ వైపు ఒకసారి జాగ్రత్తగా చూసి, మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. యాభై ఏడు. బసీలియా అప్పుడే కళ్లతో అల్పాకా మెడ కొలుస్తోంది.

న్యాయనిర్ణేత పక్కకు జరిగాడు. అక్కడ కసిమీరో తాత తన బట్టమూట విప్పి, నేల మీద పరిచి కూర్చున్నాడు. ఒక్కో రకానికి ఒక్కోటి. చిన్నవి, తళతళలాడేవి, ఊదా, ఎరుపు, నలుపు.

"అరవై ఒకటి," అన్నాడు న్యాయనిర్ణేత.

బసీలియా ఆ బట్ట వైపు, తాత వైపు చూసింది. కనుమ మీద సగం దారి ఆ మూట తన వీపునే ఉంది. బస్సులో అందరినీ అనుమానించి ఒక్కణ్ణి నమ్మింది.

"తినేవన్నావు కదా తాతా."

"తినేవే కదా తల్లీ. నువ్వు మోయకపోతే నేను ఇంతదూరం తేలేకపోదును. నీ చెయ్యి మంచిది." ఆయన నోరారా నవ్వి, అల్పాకా తాడు పట్టుకున్నాడు. అది ఆయన వెంట ఎప్పటినుంచో ఎరిగినదానిలా నడిచింది.

తిరుగు ప్రయాణంలో సాయంత్రపు ఎండ ఇంకా ఉండగా బస్సు తికాయుక్‌లో ఆగింది. అందరికన్నా ముందు బసీలియా దిగింది. మెలితోన్ చేత మూట దింపించి, దమియానా గుమ్మంలో కూర్చుని, మిగిలిన యాభై ఏడు రకాల్లో రకానికి రెండేసి మంచి దుంపలు ఏరి ఆవిడ ఒళ్లో పోసింది.

"చెరువులో పడ్డ ఏడు రకాలూ ఇంటి దగ్గర పాతరలో ఇంకా ఉన్నాయి. రుఫీనో చేత పంపిస్తా. మొక్కజొన్న వద్దు."

"ఊరికే ఇస్తున్నావా?" అంది దమియానా.

"ఊరికేనే."

 దమియానా అచ్చం బసీలియా చేసేటట్టే ఒక్కో దుంపనూ తీసి ఎండకు పట్టింది, గోటితో గిల్లింది, వాసన చూసింది, కన్ను కన్నూ లెక్కపెట్టింది. రెంటిని పక్కన పెట్టి వేరేవి మార్చమంది. రుఫీనో హారను కొడుతున్నా తొందరపడకుండా ఆ పని చివరిదాకా కానిచ్చింది.

ఇన్నేళ్లలో మొదటిసారిగా బసీలియాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.